ధనవంతుల మీద పన్ను: జీతం వేరు, ఆస్తి వేరు

మీరు అడిగింది ఇదీ. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఏడాదికి 38 లక్షల జీతం, అందులో ఏడు లక్షల పైన టాక్స్ కిందే పోతోంది. అది చాలదన్నట్టు టీవీ చర్చలో ఎవరో "డబ్బున్నవాళ్ల మీద పన్ను ఇంకా పెంచాలి" అంటే ఒళ్లు మండింది, ఇది న్యాయమేనా అని. దానితోపాటు వారసత్వ పన్ను అని కూడా అంటున్నారు కదా, అది వస్తే తెనాలి దగ్గర నాన్నగారి రెండెకరాలు కూడా పోతాయా అని మీ భయం.

నేను విజయవాడలో 33 ఏళ్లుగా ఆడిటర్‌గా ప్రాక్టీస్ చేస్తున్నాను. కిరాణా కొట్టు నుంచి కాంట్రాక్టర్ల దాకా, మీలాంటి ఉద్యోగుల నుంచి కోట్ల ఆస్తులున్న కుటుంబాల దాకా అందరి ఫైళ్లూ నా టేబుల్ మీదకి వచ్చాయి. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ధనవంతుల మీద పన్ను పెంచాలి, గట్టిగా పెంచాలి. కానీ ఆ ధనవంతుడు మీరు కాదు. మన దేశంలో ఈ చర్చ ఎప్పుడు మొదలైనా ఎక్కువ జీతం ఉన్నవాడినీ ఎక్కువ ఆస్తి ఉన్నవాడినీ ఒకే గాటన కట్టేస్తున్నారు, చివరికి దెబ్బ మాత్రం జీతం వాడికే తగులుతోంది, ఎందుకంటే వాడి డబ్బు చేతికి రాకముందే కంపెనీ టీడీఎస్ కోసేస్తుంది, వాడు దాచడానికి ఏమీ ఉండదు. దొరికినవాడి దగ్గరే వసూలు అన్నమాట.

మీ లెక్కే చూద్దాం. 2025-26 కి కొత్త విధానంలో జీతగాళ్లందరికీ ఇచ్చే మినహాయింపు, స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు పోగా 37 లక్షల 25 వేల మీద పన్ను. స్లాబుల ప్రకారం 24 లక్షల దాకా 3 లక్షలు, ఆ పైన 30 శాతం, అన్నీ కలిపి 6,97,500, దాని మీద 4 శాతం సెస్, మొత్తం 7,25,400 రూపాయలు. ఇప్పుడు మీ అపార్ట్‌మెంట్‌లోనే ఇంకొకరు ఉన్నారనుకోండి. ఉద్యోగం లేదు, తాతగారు కొనిపెట్టిన షేర్లు ఉన్నాయి, ఆ ఏడాది కొన్ని అమ్మితే సరిగ్గా 38 లక్షలే లాభం వచ్చింది. ఏడాది దాటి ఉంచుకున్న లిస్టెడ్ షేర్లు కాబట్టి రేటు 12.5 శాతం, మొదటి లక్షా పాతిక వేలకి పన్ను లేదు, వేరే ఆదాయం లేదు కాబట్టి 4 లక్షల బేసిక్ మినహాయింపు కూడా అందులోనే సర్దుకుంటుంది. సెస్ కలిపినా 4 లక్షల 26 వేల లోపే. ఇద్దరికీ వచ్చింది 38 లక్షలే. మీరు రాత్రి పదకొండింటికి అమెరికా వాళ్లతో కాల్స్ మాట్లాడి సంపాదించారు, ఆయన ఫోన్‌లో ఒక బటన్ నొక్కారు, పన్ను మాత్రం మీకే మూడు లక్షలు ఎక్కువ. 2004 నుంచి 2018 దాకా అయితే ఆ లాభానికి అసలు పన్నే లేదు, షేర్లు అమ్మినప్పుడు కట్టే ఎస్‌టీటీ అనే చిన్న పన్నుతో సరిపోయేది. పద్నాలుగేళ్లు అలా నడిచింది.

ఇంకో ఫైలు చెప్తాను, వివరాలు కొంచెం మార్చి. ఒక కాంట్రాక్టర్ గారు 2011 లో ఒక చిన్న మున్సిపాలిటీ శివార్లలో ఐదెకరాలు కొన్నారు, అన్నీ కలిపి 40 లక్షలకి. మామిడి మొక్కలు వేయించారు, ఒక కాపలా మనిషిని పెట్టారు, ఊరి పంటల రికార్డు అడంగల్‌లో ఏటా పంట పడుతూనే ఉంది. తర్వాత పక్కనుంచి రోడ్డు వెడల్పు చేశారు, బైపాస్ వచ్చింది, 2023 లో ఆరు కోట్లకి అమ్మారు. లాభం 5 కోట్ల 60 లక్షలు. నా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన చేతిలో ఉన్నది ఒక సర్వేయర్ సర్టిఫికెట్. మున్సిపాలిటీ హద్దు నుంచి ఆకాశమార్గాన కొలిస్తే 2.4 కిలోమీటర్లు అని అందులో ఉంది. చట్టంలో ఏముందంటే, పది వేల నుంచి లక్ష దాకా జనాభా ఉన్న మున్సిపాలిటీకి 2 కిలోమీటర్లు, పది లక్షల దాకా అయితే 6, ఆ పైన 8, ఆ దూరం దాటితే అది గ్రామీణ వ్యవసాయ భూమి, క్యాపిటల్ గెయిన్స్ (ఆస్తి అమ్మిన లాభం మీద పన్ను) లెక్కలోకే రాదు. జనాభా అంటే చివరగా ప్రచురించిన జనాభా లెక్కలు, అంటే ఇప్పటికీ 2011 వే. ఆ ఊరు ఈ మధ్యలో రెట్టింపు అయినా సరే, కాగితం మీద లక్ష లోపు ఊరే. ఆయన కట్టాల్సిన పన్ను సున్నా. నేను ఏ తప్పుడు లెక్కా రాయలేదు, ఆయన ఏ అబద్ధమూ చెప్పలేదు, అంతా చట్టప్రకారమే. అదే 5 కోట్ల 60 లక్షలు ఎవరికైనా జీతంగా వస్తే సర్‌ఛార్జీ (పెద్ద ఆదాయాలకి పన్ను మీద వేసే అదనపు పన్ను), సెస్ కలిపి రెండు కోట్ల పైనే కట్టాలి. ఆ సాయంత్రం అదే టేబుల్ మీద నెలకి 85 వేల జీతం ఉన్న ఒక నర్సింగ్ సూపరింటెండెంట్ రిటర్న్ వేశాను, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ చూపించడం మర్చిపోయిందని నోటీసు వచ్చింది ఆవిడకి, చేతులు వణుకుతున్నాయి. ఆ రెండు ఫైళ్లూ పక్కపక్కన ఉన్న ఆ రోజు నాకు ఇప్పటికీ గుర్తే.

ఇక్కడ నేను రైతుని తప్పు పట్టడం లేదు, దయచేసి అలా అర్థం చేసుకోకండి. పదెకరాలు కౌలుకి చేసి వానొస్తే ఒక ఏడుపు, రాకపోతే ఒక ఏడుపు అన్నట్టు బతికే మనిషికి ఆదాయ పన్ను వేయమని ఎవరూ అడగడం లేదు. నేను మాట్లాడేది ఆ రైతు పేరు చెప్పుకుని దాని చాటున నిలబడిన కోట్ల గురించి. రైతునీ, భూమి మీద బేరం ఆడేవాడినీ వేరు చేయడం చట్టానికి సాధ్యం కాదని చాలామంది వాదిస్తారు. చేయగలదు, చేసింది కూడా, అదీ మన దగ్గరే. అమరావతి ల్యాండ్ పూలింగ్‌లో భూములిచ్చిన వాళ్లకి క్యాపిటల్ గెయిన్స్ మినహాయింపు 2017 బడ్జెట్‌లో ఇచ్చారు, కానీ 2014 జూన్ 2 నాటికి ఆ భూమి ఎవరి పేరున ఉందో వాళ్లకే అని తేదీ పెట్టారు. రాష్ట్రం విడిపోయిన రోజు అది. రాజధాని వస్తుందని తెలిశాక వచ్చి కొన్నవాళ్లకి ఆ మినహాయింపు లేదు. ఒక్క తేదీతో అసలు రైతునీ, తర్వాత వచ్చినవాడినీ వేరు చేశారు. మనసుంటే మిగతా చోట్లా ఇలాంటి గీత గీయొచ్చు.

భూమి విషయం దగ్గర ఇంకాస్త ఆగుతాను, ఎందుకంటే మన రెండు రాష్ట్రాల్లో ధనవంతుడి ఆస్తి అంటే చాలావరకు భూమే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు. దాన్ని వేసింది ప్రజల డబ్బుతో, అంటే మీ టీడీఎస్‌తో, ఆటో అన్న కొట్టించిన పెట్రోల్ మీద పన్నుతో. రోడ్డు పడ్డాక దాని పక్కన ఎకరం ధర ఎన్ని రెట్లు అయిందో హైదరాబాద్‌లో ఉండే మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ పెరిగిన విలువ ఆ ఎకరం యజమాని చెమటతో రాలేదు, ఆయన అక్కడ ఒక ఇటుక కూడా పెట్టలేదు. జనం పెట్టిన డబ్బుకి వచ్చిన ఫలితం అది. అందులో కొంత వాటా జనానికి తిరిగి రావాలనడం అసూయ కాదు, నా దృష్టిలో ఇది మామూలు లెక్కే, ఎవరు పెట్టుబడి పెట్టారో వాళ్లకి వాటా రావాలి కదా.

"అయితే వెల్త్ టాక్స్ పెట్టి చూశారు కదా, ఏమైంది?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆస్తి విలువ మీద ఏటా వేసే ఆ పన్నుని 1957 లో పెట్టారు, 2015 బడ్జెట్‌లో అరుణ్ జైట్లీ గారు తీసేశారు, తీసేసేటప్పుడు చెప్పిన లెక్క ఏంటంటే 2013-14 లో దేశం మొత్తం మీద వచ్చింది 1,008 కోట్లే. ఇంత పెద్ద దేశంలో అది ఏ మూలకి? అందుకని వెల్త్ టాక్స్ పనికిరాదని తేల్చేస్తారు. కానీ ఎందుకు అంతే వచ్చిందో నేను దగ్గరుండి చూశాను.

గవర్నరుపేటలో ఒక పెద్దావిడ, భర్త పోయారు. మార్చి 31 నాటి విలువ కట్టాలి కాబట్టి వాల్యుయర్‌ని తీసుకుని వాళ్లింటికి వెళ్లాం. బీరువాలోంచి ఒక్కొక్కటీ తెచ్చి చాప మీద పెట్టింది, వడ్డాణం, కాసులపేరు, రెండు జతల గాజులు, ఎవరూ పెట్టుకోని ఒక నాగరం. వాల్యుయర్ గీటురాయి మీద గీసి, త్రాసులో వేసి, రాసుకుంటున్నాడు. "ఇది మా అత్తగారిది బాబూ, అమ్మేది కాదు, దీనికి కూడా పన్నేనా" అని అడిగింది. బంగారం, ఒక పాత కారు, ఊళ్లో ఖాళీ స్థలం అన్నీ కలిపి 82 లక్షలు తేలింది, 30 లక్షలు మినహాయిస్తే 52 లక్షల మీద ఒక శాతం, 52 వేలు కట్టింది. అదే కుటుంబంలో ఆవిడ మరిదికి కంపెనీ షేర్లు, డిపాజిట్లు కోట్లలో ఉన్నాయి. ఆయన కట్టిన వెల్త్ టాక్స్ ఒక్క రూపాయి లేదు. 1992 బడ్జెట్ నుంచి షేర్లు, బాండ్లు, డిపాజిట్లు అన్నిటినీ "ఉత్పాదక ఆస్తులు" అని ఆ పన్నులోంచి తీసేశారు. అసలైన సంపద అంతా బయట పెట్టి, అత్తగారి వడ్డాణం మీద పన్ను వేస్తే వెయ్యి కోట్లు కాక ఇంకెంత వస్తుంది? ఆ పన్ను విఫలమైందని అనడం కన్నా దాన్ని సరిగ్గా వేయనే లేదు అనడం నిజం.

రేట్లు పిచ్చిగా పెంచితే ఏమవుతుందో కూడా మనకి తెలుసు, దాన్ని నేను దాచను. 1973-74 లో రెండు లక్షల పైన ఆదాయానికి 85 శాతం పన్ను, దాని మీద 15 శాతం సర్‌ఛార్జీ, మొత్తం 97.75. వెల్త్ టాక్స్ కూడా కలిస్తే కొందరికి నూరు దాటేది, అంటే సంపాదించిన దానికన్నా కట్టేది ఎక్కువ. నేను ఆర్టికల్స్ (ఆడిటర్ అవ్వడానికి ముందు శిక్షణ) చేసినప్పుడు మా సీనియర్ గారు ఆ రోజుల గురించి చెప్పేవారు, ప్రతి పెద్ద షాపుకీ రెండు చిట్టాలు, ఒకటి ఆఫీసుకి చూపించేది, ఒకటి అసలుది, సరుకు జీరోలో, అంటే లెక్కల్లో చూపించకుండా తిరిగేది, బిల్లు తెల్ల కాగితం మీద. నిజాయితీగా ఉండాలనుకున్నవాడికి కూడా దారి లేకుండా చేశారు. ఆ రోగం రేట్లు తగ్గాక కూడా పోలేదు, 1985 లో 50 శాతానికి, 1997 లో 30 కి దిగింది, అయినా మన దగ్గర ఫ్లాట్ రిజిస్ట్రేషన్‌లో "వైట్ ఎంత, బ్లాక్ ఎంత" అనే మాట ఇప్పటికీ మామూలుగానే అడుగుతారు. అందుకే రేటు 60, 70 చేయండి అనేవాళ్లతో నేను ఏకీభవించను. అది మళ్లీ మీలాంటి టీడీఎస్ మనిషినే పట్టుకుంటుంది, మిగతావాళ్లకి రెండో చిట్టా నేర్పుతుంది. పెంచాల్సింది రేటు కాదు, పన్ను వేసే పరిధి.

పైవాళ్ల మీద రేటు పెరుగుతూనే ఉందని కూడా అనుకోకండి. 2019 లో ఐదు కోట్ల పైన ఆదాయానికి 37 శాతం సర్‌ఛార్జీ పెట్టారు, అప్పుడు గరిష్ఠంగా 42.74 శాతం అయింది. 2023 లో కొత్త విధానంలో దాన్ని 25 కి దించారు, గరిష్ఠం 39 అయింది. ఆ తగ్గింపు ఐదు కోట్లు దాటిన వాళ్లకే. 2019 సెప్టెంబర్‌లో కంపెనీల పన్ను 22 శాతానికి తగ్గించారు, దానికి వదులుకున్నది ఏడాదికి 1.45 లక్షల కోట్లని ప్రభుత్వమే చెప్పింది. పెట్టుబడులు వస్తాయి, ఉద్యోగాలు వస్తాయి అన్నారు. 2023-24 కి వచ్చేసరికి వ్యక్తుల నుంచి వచ్చిన ఆదాయ పన్ను 10 లక్షల కోట్లు దాటింది, కంపెనీల నుంచి వచ్చింది 9 లక్షల కోట్ల పైచిలుకు. కంపెనీల కన్నా మనుషులే ఎక్కువ కడుతున్నారు.

"దేశంలో పన్ను కట్టేది కొద్దిమందే, మిగతావాళ్లు ఫ్రీగా బతుకుతున్నారు" అనే మాట మీ ప్రశ్న కింద చాలామంది రాశారు. ఇది చదివితే నాకు బాధేస్తుంది. మీ ఇంట్లో పనిచేసే ఆవిడ ఫోన్‌కి 299 రీఛార్జి చేయిస్తే అందులో 45 రూపాయల పైన జీఎస్టీయే. అదే ప్లాన్ ఒక కోటీశ్వరుడు వేయించుకున్నా అంతే. వృత్తి పన్ను చూడండి, ఏపీలోనూ తెలంగాణలోనూ నెలకి 20 వేలు దాటితే 200 రూపాయలు. 21 వేల జీతం ఉన్న సెక్యూరిటీ సూపర్‌వైజర్‌కీ 200, ఆరు లక్షల జీతం ఉన్న డైరెక్టర్‌కీ 200. ఏడాదికి 2,500 మించి వేయకూడదని రాజ్యాంగంలోనే పరిమితి ఉంది. వాళ్లు ఫ్రీగా బతకడం లేదు, వాళ్ల పన్ను మనకి కనిపించడం లేదు అంతే.

డబ్బున్నవాళ్లు దుబాయ్ వెళ్లిపోతారు అంటారు. కొందరు వెళ్తారు, నా క్లయింట్లలోనే ఇద్దరు వెళ్లారు. కానీ వాళ్లు వెళ్లినా వాళ్ల భూమి, బిల్డింగులు, ఇక్కడి కంపెనీల్లో వాటాలు ఇక్కడే ఉన్నాయి. కోకాపేట ఎకరం లేచి దుబాయ్ పోదు. అందుకే భూమి నుంచి మొదలుపెట్టాలి అంటాను.

నన్ను అడిగితే చేయాల్సినవి ఇవి. గ్రామీణ వ్యవసాయ భూమి అమ్మకం మీద మినహాయింపుకి ఒక పరిమితి పెట్టాలి, కోటో రెండు కోట్లో, జీవితంలో ఒక్కసారి, అది దాటిన లాభానికి మామూలు పన్ను. అసలు సాగు చేసిన రైతుకి అది చాలు. షేర్ల లాభాలు ఏడాదికి కోటి దాటితే అక్కడి నుంచి జీతంతో సమానంగా వేయాలి, చిన్న మదుపరిని ముట్టుకోకుండా. వ్యవసాయ ఆదాయం మీద పన్ను రాష్ట్రాల చేతిలో ఉంది, కేంద్రానికి వేసే అధికారం లేదు. కె.ఎన్. రాజ్ కమిటీ 1972 లోనే పెద్ద కమతాల మీద పన్ను వేసే పద్ధతి సూచించింది, యాభై ఏళ్లయినా ఏ పార్టీ దాని జోలికి పోదు, ఎందుకంటే అందరిలోనూ ఆ పెద్ద కమతాల వాళ్లు ఉన్నారు. ఇది రాజకీయ ధైర్యం ఉంటే జరిగేదే కానీ లెక్కల్లో చిక్కు ఏమీ లేదు.

ఇక వారసత్వ పన్ను, మీ అసలు భయం. మన దగ్గర ఇది లేనిదేం కాదు. ఎస్టేట్ డ్యూటీ అని 1953 నుంచి 1985 దాకా ఉంది, పై స్లాబులో 85 శాతం దాకా వెళ్లింది. వి.పి. సింగ్ గారు తీసేసినప్పుడు ఏడాదికి వచ్చేది దాదాపు 20 కోట్లే. అక్కడా అదే కథ, రేటు ఆకాశంలో, వసూలు నేల మీద. ప్రస్తుతం మన దేశంలో వెయ్యి కోట్లు కొడుకు పేరు మీదకి మారినా ఆ మారడం మీద పన్ను లేదు. అమ్మితే తండ్రి కొన్న ధర నుంచే లాభం లెక్కేస్తారు, కాబట్టి పన్ను పూర్తిగా ఎగిరిపోదు, కానీ ఆ కుటుంబాలు అమ్మవు. షేర్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుని ఖర్చు చేస్తారు, అప్పు ఆదాయం కాదు కదా, పన్నూ లేదు. తరం నుంచి తరానికి అలా వెళ్తూ ఉంటుంది. జపాన్‌లో వారసత్వ పన్ను 55 శాతం దాకా ఉంది, బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ 40. అక్కడ వ్యాపారాలు మూతపడిపోలేదు. మన దగ్గర 50 కోట్ల పైన ఆస్తికి మాత్రమే, 10 నుంచి 20 శాతం లోపు, పదేళ్లలో వాయిదాలుగా కట్టుకునే వీలుతో పెడితే నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. నా క్లయింట్లలో కొందరికి ఇది నచ్చదని తెలుసు, వాళ్ల ముఖం మీదే చెప్పాను కూడా.

మీ నాన్నగారి రెండెకరాలు ఆ 50 కోట్ల దరిదాపుల్లోకి కూడా రావు. పెద్ద ఆస్తుల వాళ్ల మీద పన్ను అనగానే రెండెకరాల వాళ్లని ముందుకు తోసి భయపెట్టడం ఎప్పటినుంచో జరుగుతోంది, మీరు ఆ భయంతో వాళ్ల తరఫున వాదించకండి. ఆ పొలం గురించి నిజంగా టెన్షన్ పడాల్సింది వేరే ఉంది. తాతగారి పేరు నుంచి నాన్నగారి పేరుకి మ్యుటేషన్ అయిందో లేదో, వన్-బీలో (భూమి హక్కుల రికార్డు) విస్తీర్ణం, సర్వే నంబరు పాస్‌బుక్‌తో సరిపోతున్నాయో లేదో ఒకసారి ఆన్‌లైన్‌లో చూసుకోండి. తేడా ఉంటే ఆయన ఆరోగ్యంగా తిరుగుతున్నప్పుడే దగ్గర కూర్చోబెట్టుకుని సరిచేయించుకోండి. నా దగ్గరికి వచ్చే పొలం గొడవల్లో సగం పైన ఈ పని వాయిదా వేయడం వల్ల వచ్చినవే.